తెల్లపూల తిప్పమ్మ ఓటు

డోన్‌లో పూలమ్మే తిప్పమ్మ వీధి వీధినా "తెల్లపూలో" అని కేకేసేది. చచ్చినా మల్లెపూలు అనేది కాదు. ఆమె భర్త పేరు మల్లన్న. కట్టుకున్నవాడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అత్త చెప్పిన మాట ఆమె ఏనాడూ దాటలేదు.

1952లో మొదటిసారి ఓట్లొచ్చాయి. గుర్తులు అంటించిన పెట్టెల్లో నచ్చినదానిలో చీటీ వేయాలని తెలుసుకుని, పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడింది. బల్ల దగ్గర గుమాస్తా భర్త పేరు అడిగాడు.

"నేనమ్మే పూల పేరే సామీ."

"పొడుపుకథలు ఇంటికాడ చెప్పుకో. పేరు చెప్పకుంటే ఓటు లేదు."

పక్కనున్న పార్టీల మనుషులు పకపకా నవ్వారు. ఆమెను బయటికి పంపేశారు.

ఎండలో మధ్యాహ్నం దాకా నిలబడి, చివరికి మళ్లీ లోపలికెళ్లింది. తాళి గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని "మల్లన్న" అంది.

గుమాస్తా జాబితా చూశాడు. "నీ ఓటు ఇంతకుముందే ఒకామె వచ్చి వేసిపోయిందే. ఇంక పో."

తిప్పమ్మ కదల్లేదు. సిరా అంటని వేలు అతని మొహం ముందు పెట్టింది.

"ఏమప్పా, అడిగిన వెంటనే ఆయమ్మ ఆ పేరు చెప్పినప్పుడే, ఆయన పెండ్లాం కాదని నీకు తెలీలేదా?"