తమ్ముడు తెచ్చిన బొగ్గులు

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, జనం చేత బొగ్గు మాన్పించడమే నా ఉద్యోగం. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మధ్య బస్సులు మారుతూ, టీ కొట్ల వాళ్లకూ మిర్చి బండ్ల వాళ్లకూ ఎండతో పనిచేసే పొయ్యి గురించి చెప్పేదాన్ని. నాకు నిలకడ తక్కువ. బస్సు కాసేపు ఆగితే చాలు, దిగి నడిచిపోదామా అనిపించేది. ఎవరైనా "ఆలోచించి చెప్తం మేడం" అంటే ఒళ్లు మండేది. పాలమూరులో ఎండకేం కొదవ? నెత్తి మాడ్చే ఎండను గిన్నె కిందికి తెచ్చుకోవడానికి ఇంత ఆలోచన దేనికి?

వనపర్తి బస్టాండు బయట ఒకామె పల్లికాయలు ఉడకబెట్టి అమ్మేది. బొగ్గుల పొయ్యి మీదికి వంగి విసిరీ విసిరీ ఆయాసం పట్టుకుంది. పొగ మానకపోతే ఊపిరి ఆడదని దవాఖానలో డాక్టరు గట్టిగా చెప్పాడు. పొయ్యి మానితే పూట గడవదు. మాట మధ్యలో దగ్గు, దగ్గు మధ్యలో గిరాకీ. మిగతావాళ్లు మారినా మారకపోయినా ఈమెను మాత్రం మార్చి తీరాలని పంతం పట్టాను.

ఆ పొయ్యి తిరగేసిన పెద్ద గొడుగులా ఉంటుంది. లోపలంతా తళతళలాడే రేకులు, నడుమ గిన్నె పెట్టే చోటు. బస్సు పైనుంచి దాన్ని దించుతుంటే ఆటోవాళ్లు "ఏం మేడం, టీవీ గొడుగు పెడుతున్నవా?" అని ఆట పట్టించారు. ఆమె కూడా నమ్మలేదు.

"నిప్పు లేకుండ ఎట్ల ఉడుకుతయి? జర నిజం చెప్పు."

గొడుగును ఎండకు తిప్పి, కుండ పెట్టి, పక్కన కూర్చోలేక అటూ ఇటూ తిరిగాను. నీళ్లు మరిగాయి. ఆమె వేలు ముంచి చటుక్కున తీసుకుని, "అవ్వో, నిజమే గదా!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వులో దగ్గు రాలేదు. మధ్యాహ్నం ఉడికినవాటిని కుండతో సహా గోనెసంచిలో చుట్టి పెడితే సాయంత్రం బస్సుల దాకా వేడి తగ్గేది కాదు. కొన్నాళ్లకు ఆమె గొంతు తేటపడింది. నేను గాల్లో తేలిపోయాను. ఆమెను చూపించి బస్టాండు చుట్టూ చాలా కొట్లను మార్చాను.

ఒకరోజు ఉన్నట్టుండి మబ్బు పట్టింది. గొడుగును దగ్గర్లోనే ఉన్న ఆమె గదిలోకి చేరవేస్తుంటే మంచం కింద బొగ్గు బస్తాలు కనిపించాయి. మూలన ఇంకొన్ని. ఒక్కదానికీ కుట్లు విప్పలేదు.

"ఇవెందుకమ్మా ఇంకా?"

"మా తమ్ముడు తెచ్చిండు."

"వాడనప్పుడు ఎందుకు తీసుకున్నావు?"

"తోడబుట్టినోడు తెచ్చింది వద్దంటరా మేడం? మా అవ్వ, నాయిన లేరు. బొగ్గుల పేరు మీదనే వాడు నా గడపకొస్తడు. ఒట్టి చేతులతోని అక్క ఇంటికి రావాల్నంటే వానికి నామోషి. వద్దంటే ఇగ రాడు."

ఆ తమ్ముడు బిజినేపల్లి దగ్గర సర్కారు తుమ్మ కొట్టి, బట్టి పెట్టి బొగ్గు చేసేవాడట. అక్కకు ఇవ్వగా మిగిలింది సైకిల్ మీద తెచ్చి బస్టాండు కొట్లకు వేసేవాడు. అతను వచ్చే రోజు ఈమె గొడుగును లోపల దాచి, పాత పొయ్యి అంటించేది. బయట వాన మొదలైంది. నాకు ఆ గదిలో నిలబడబుద్ధి కాలేదు, బయటికి పోబుద్ధీ కాలేదు. ఆ కొట్లన్నీ మార్చింది నేనే కదా.

తర్వాత నేను వెళ్లిన రోజే అతను చెప్పాపెట్టకుండా వచ్చాడు. సైకిల్ లేదు, బస్తా లేదు. చేతిలో బట్టల మూట. ఎండలో మెరుస్తున్న గొడుగు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"కొట్లోళ్లంత చెప్తుండేది గిదేనా అక్కా? నాకెందుకు చెప్పలే?"

"నువ్వు రావేమోనని."

"బొగ్గుల కోసమొస్తున్ననా నేను?" అని నవ్వబోయి తల దించుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "మంచి పని చేసినవ్ మేడం. అక్క దగ్గుతుంటే నా పానం కొట్టుకునేది. గిప్పుడు కొట్లోళ్లు బొగ్గు తీసుకుంటలేరు. మేస్త్రి పిలుస్తుండు, కూలి పనికి బొంబాయి పోత."

నేను గొడుగును అక్కర్లేకపోయినా మరోసారి ఎండకు తిప్పాను. ఆమె వేడి పల్లికాయలు తువ్వాలలో మూటగట్టి ఇచ్చింది. అతను బస్సెక్కాడు.

మళ్లీ వనపర్తి వెళ్లేసరికి గొడుగు మీద పాత చీర కప్పి ఉంది. బొగ్గుల పొయ్యి రాజుకుంటోంది. ఆమె విసురుతూ దగ్గుతోంది. నాకు కోపం ఆగలేదు.

"ఏమిటమ్మా ఇది? డాక్టరు ఏం చెప్పాడు?"

ఆమె తల ఎత్తలేదు.

"వాని చేతి బొగ్గులు మేడం. అమ్మబుద్ధి అయితలేదు, పారేయబుద్ధి అయితలేదు. గివి అయిపోయేదాక నన్నేమనకు."

ఆమె చేతిలోంచి విసనకర్ర తీసుకుని, పొగ తగలని వైపు కూర్చోమన్నాను. బొగ్గులు బాగా రాజుకునేదాకా నేనే విసిరాను.