ఏమీ కాని మనిషి వేసిన పిటిషన్

ఆ వీధిలో ఇస్త్రీ పెట్టే ఆవిణ్ణి అందరూ నిప్పులమ్మ అనేవారు. పెట్టెలోని బొగ్గుల వల్ల కాదు, నోటి వల్ల. చొక్కా కాలరు మీద ముడత ఉందని ఎవరైనా అన్నారో, వాళ్ళ ఏడు తరాలనూ ఉతికి ఆరేసేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. సాయంత్రం బొగ్గులు ఆర్పేశాక గదిలో ఒక్కతే. అంత నోరు పెట్టుకుని మాట్లాడటానికి మనిషి లేకపోవడం, అబ్బ, ఆ బాధ పగవాళ్ళకు కూడా వద్దు!

పక్క గదిలో గొడుగులు బాగుచేసే అతనుండేవాడు. అతనూ ఒంటరే. ఈవిడ తన గుమ్మంలో కూర్చుని ఊరందరినీ తిడుతుంటే, అతను తన గుమ్మంలో గొడుగు పుల్లలు సరిచేస్తూ "ఊఁ" అనేవాడు. అంతకుమించి పెదవి విప్పేవాడు కాదు. ఆ "ఊఁ" కోసమే ఆవిడ సాయంత్రం దాకా బతికేది.

ఒక ఉదయం ఇద్దరు పోలీసులు వచ్చి, ఏదో దొంగతనం గురించి అడగాలంటూ అతన్ని తీసుకెళ్ళారు. మళ్ళీ రాలేదు. ఆవిడ స్టేషనుకు పరిగెత్తింది.

"అలాంటివాణ్ణి మేం తేలేదు" అన్నాడు అధికారి.

"కళ్ళారా చూశానయ్యా! నా కళ్ళేమన్నా అద్దెకు తెచ్చుకున్నానా?"

"ఇంతకీ నువ్వు వాడికేమవుతావ్?"

ఏమవుతుంది? పక్క గది మనిషి. ఆ మాటంటే బయటికి గెంటేస్తారని భయపడి "అక్కని" అనేసింది.

అక్కయినా గెంటేశారు. కాళ్ళరిగేలా తిరిగి తిరిగి, చివరికి తన దగ్గర నల్లకోటు ఇస్త్రీ చేయించుకునే లాయరమ్మ ముందు కూలబడింది.

"అరెస్టు చేస్తే మర్నాటికల్లా మేజిస్ట్రేటు ముందుంచాలి. వీళ్ళు అసలు తేలేదంటున్నారు. అందుకే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేద్దాం. మనిషిని తెచ్చి చూపించండి, ఏ హక్కుతో పెట్టుకున్నారో చెప్పండి అని కోర్టే వాళ్ళని అడుగుతుంది" అంది లాయరమ్మ. "మీరాయనకేమవుతారు?"

ఒకసారి ఆడిన అబద్ధం మళ్ళీ నోటికొచ్చింది. అక్కనంటూ అఫిడవిట్ మీద సంతకం పెట్టింది.

మొదటి వాయిదాకు ప్రభుత్వ లాయరు గడువడిగాడు. బెంచి మీదున్న ఇద్దరు జడ్జీలూ ఒప్పుకోలేదు, మనిషిని వెతికి హాజరుపరచమన్నారు. తర్వాతి వాయిదాకు పోలీసుల వెంట అతను వచ్చాడు, చిక్కి సగమై, కుంటుకుంటూ.

ప్రభుత్వ లాయరు లేచాడు. "ఇతను నిన్ననే దొరికాడండి. పైగా ఇతనికి తోబుట్టువులే లేరు. ఈవిడ అక్క కాదు. అఫిడవిట్ అబద్ధం. పిటిషన్ కొట్టేయాలి."

తన అబద్ధమే అతన్ని మళ్ళీ లాకప్పులోకి తోస్తుందేమోనని నిప్పులమ్మ భయపడింది.

"ఎందుకమ్మా అలా రాశారు?" అన్నాడు పెద్ద జడ్జి.

"ఏమీ కానిదాన్ని, నేనడిగితే ఎవరు చెప్తారయ్యా?"

"ఇలాంటి కేసులో ఎవరైనా అడగొచ్చమ్మా. స్నేహితులు, ఇరుగుపొరుగు, ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా. మీరు ఏమీ కానక్కర్లేదు. అబద్ధం మాత్రం ఆడకూడదు. దిద్ది ఇంకో అఫిడవిట్ ఇవ్వండి."

తర్వాత అతని వైపు తిరిగి, ఏం జరిగిందని అడిగాడు. ఎప్పుడూ "ఊఁ" తప్ప అనని మనిషి అన్నాడు: "పట్టుకెళ్ళిన రోజు నుంచీ ఈ పోలీసుల దగ్గరే ఉన్నానండి. కొట్టారండి."

ఇతని మీద కేసేమన్నా ఉందా అని జడ్జి అడిగితే, లేదని ప్రభుత్వ లాయరు ఒప్పుకున్నాడు. వెంటనే వదిలేయాలని, పోలీసుల మీద విచారణ జరపాలని జడ్జీలు ఆదేశించారు.

"నువ్వు స్వేచ్ఛగా వెళ్ళొచ్చు. ఎక్కడికి వెళ్తావు?" అని అతన్ని అడిగాడు పెద్ద జడ్జి.

ఆవిడ అప్పటికే అతని గది ఊడ్చి, మంచినీళ్ళ కుండ నింపి వచ్చింది.

"ఆ వీధికి మాత్రం పోనండి. ఆ స్టేషను ముందు నుంచి నడవలేను. ఎక్కడో దూరంగా బతుకుతాను" అన్నాడతను.

గేటు దగ్గర ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాడు. కళ్ళనిండా నీళ్ళు. వచ్చిన బస్సెక్కేశాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

లాయరమ్మ కంగారుపడింది. "అయ్యో, గెలిచాం కదండీ! ఏడుస్తారేంటి?"

"గెలిచాంలేమ్మా. ఆయన ఇష్టమొచ్చిన చోటికి పోవాలనేగా ఇంత తిరిగాం" అంది నిప్పులమ్మ ముక్కు చీదుతూ. "నా పక్క గదికే రావాలని పిటిషన్లో రాయలేదుగా."