వెనక పట్టీ

ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. అందుకే ముందే చెబుతున్నాను, ఇందులోనూ కొంత ఎక్కువే ఉంటుంది.

జనగామ బస్టాండు బయట భూపాలపల్లి బస్సు కోసం నిలబడి నిలబడి నా కాళ్లకు వేర్లు పుట్టాయి. పక్కన ఆగి ఉన్న వ్యానులోంచి ఒకాయన పిలిచాడు. డ్రైవరు సీటు ఉండాల్సిన చోట చక్రాల కుర్చీ, అందులో ఆయన. బ్రేకు కూడా చేతి దగ్గరే ఉంది.

"అన్నా, జర ఎక్కి నా కుర్చీ ఎన్క పట్టీ గుంజి కొక్కానికి బిగించు. నా చెయ్యందదు. నేను భూపాలపల్లికే పోతున్న, నిన్ను దింపుత."

"బిగించకుంటే ఏమైతది?"

"బ్రేకేస్తే బండి ఆగుతది. నేనాగ."

జోడెడ్ల బలంతో గుంజి బిగించాను.

పరకాల దాటాక ఏనుగంత బర్రె అడ్డొచ్చింది. ఆయన బ్రేకు లాగాడు. పక్క సీట్లో బెల్టు లేకపోతే నేను ములుగు దాకా ఎగిరేవాణ్ణి. ఆయన కుర్చీ మాత్రం కదల్లేదు. నా మోకాలి మీద తట్టాడు.

"రోజూ గిట్లనే పిలుస్తవా?" అన్నాను.

"ఎవలో ఒకలు దొరుకుతరు. దొరకనినాడు బండి తియ్య."

భూపాలపల్లిలో ఇంటి ముందు ఆపగానే వాళ్లావిడ వచ్చి, "గింత లేటా?" అని కసురుతూ పట్టీ విప్పింది.

బర్రె నిజానికి దూడే. కానీ పూర్తిగా నేను కల్పించింది ఆవిడనే. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. ఆయనే కుర్చీ పక్కనున్న తాడు లాగి పట్టీ ఊడదీసుకున్నాడు.

"ఇప్పుకునేటందుకు తాడు కట్టుకున్ననే అన్నా. బిగించేటందుకే మనిషి గావాలె."