కళ్లు పెట్టాల్సిన చెయ్యి

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను నంద్యాల షోరూం నుంచి ఆళ్లగడ్డలోని శిల్పశాలకు మేనేజరుగా పంపారు. రెండూ ఒకే యజమానివి. మేనేజరంటే పెద్ద హోదా అనుకునేరు! రాయి దింపించుకోవడం, కరెంటు పోతే లైన్‌మన్ వెంట పడటం, విగ్రహాన్ని లారీ ఎక్కించడం, గడువు దాటితే తిట్లు తినడం, అన్నీ నావే. ఆర్డరు ఒప్పుకునే అధికారం మాత్రం నంద్యాలలో కూర్చున్న యజమానిది.

పనివాళ్లలో పై మెట్టు పెద్దశిల్పిది. మా పెద్దశిల్పి వీరాచారి. గ్రైండర్ వాళ్లు రాయిని ముతకగా కోసి ఆకారం తెస్తే, ఆయన ఉలితో నగలు, వేళ్లు, ముఖం తీర్చేవాడు. ముఖం మొదలుపెట్టిన చెయ్యే కళ్లు కూడా పెట్టాలి, మధ్యలో ఇంకొకరి ఉలి తగలకూడదు. మా శాలలో ఎవరూ దాటని కట్టుబాటు అది.

ఆ ఏడు గ్రైండర్ మనుషులిద్దరు పని మానేశారు. వాళ్ల స్థానంలో ఎవర్నీ తీసుకోలేదు. కొత్త ఆర్డర్లు ఒప్పుకోవద్దని యజమానికి చెప్పి చూశాను. వచ్చిన గిరాకీని వెనక్కి పంపితే పక్క శాలకు పోతుందన్నాడు. అదీ అబద్ధం కాదు. దాంతో ముతక పని కూడా వీరాచారి మీదే పడింది. పొద్దస్తమానం గ్రైండర్ అదురు, ఆ తర్వాత ఉలి. కాదనే మనిషి కాదాయన.

సంజామల దగ్గర ఒక ఊరి అమ్మవారి విగ్రహం కళ్ల దాకా వచ్చింది. ప్రతిష్ఠకు వారం కూడా లేదు. ఒక ఉదయం ఆయన ఉలి కింద పెట్టి నా గదికి వచ్చాడు.

"చెయ్యి నా మాట ఇనడం ల్యా సార్. ఉలి పట్టుకున్నానో లేదో కూడా తెల్డం ల్యా. ఈ చేత్తో అమ్మకు కళ్లు పెట్టను."

వెంటనే ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరు చూసి, అదురుకు వేళ్ల నరాలు దెబ్బతిన్నాయని, ఇక గ్రైండర్ ముట్టుకోవద్దని చెప్పాడు. యజమానికి ఫోన్ చేస్తే, ఇంకొకరితో కళ్లు పెట్టించి పంపేయమన్నాడు. ఊరివాళ్లకేం తెలుస్తుందన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. యజమానికి చెప్పకుండానే సంజామల బస్సెక్కాను.

గుడి పెద్ద ఒక రైతు. ఉన్నదున్నట్టు చెప్పి, ప్రతిష్ఠ వాయిదా వేయమని అడిగాను. చుట్టాలందరికీ చెప్పుకున్నామని, పందిళ్లు కూడా వేశామని చాలాసేపు కోప్పడ్డాడు. ఆ కోపంలో న్యాయముంది కాబట్టి తల వంచుకుని విన్నాను. చివరికి ఆయన అడిగాడు:

"ఎద్దుకు కాలు నొస్తేనే కాడి దించుతామప్పా మేము. ఆ మనిషికి దించేటోడే ల్యాకపోయెనా మీ తాన?"

అలా అంటూనే వాయిదాకు ఒప్పుకున్నాడు. ప్రతిష్ఠ తర్వాతి నెలకు మారింది. సంగతి తెలిసి యజమాని నన్ను తిట్టాడు గానీ, గ్రైండర్లకు మనుషులను పెట్టాడు.

విశ్రాంతి తర్వాత వీరాచారి వచ్చాడు. తిమ్మిరి తగ్గింది, పూర్తిగా పోలేదు. శాలలో గ్రైండర్లన్నీ ఆపించాను. ఒక్కో దెబ్బకు ఆగి, చెయ్యి కుదుటపడ్డాక ఇంకో దెబ్బ వేస్తూ రెండు కళ్లూ పెట్టాడు. ఒక పూటలో అయ్యే పనికి రోజులు పట్టాయి.

చిన్న వ్యాపారంలో ఎవరి మీద ఎంత పని పడుతోందో చూసే మనిషంటూ ఉండడు. కాదనని వాడి మీదికే అది చేరుతూ పోతుంది. ఆర్డరు ఒప్పుకునే ముందు, చేయాల్సిన మనిషిని పిలిచి అడగాలి. యజమానితో పోట్లాడి, నేను రిటైరయ్యేదాకా అలాగే జరిపించాను. వీరాచారికి మాత్రం అది అక్కరకు రాలేదు. ఆ అమ్మవారి తర్వాత ఆయన ఇంకో ముఖం చెక్కలేదు.