దొరకని జెల్ల ముల్లు

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున చిన్న ఊరు. మా ఆయన వేటకెళ్తారు, నేను చేపలమ్ముతాను. పోయినేడాది ఓ పొద్దున్న ఆయన కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయింది. వలలోంచి చేపలు దులిపేటప్పుడు జెల్ల చేప ముల్లు కాలికి గుచ్చుకోవడం మాకు మామూలే. ఇదీ అదే అనుకున్నాం. మా అత్త పిన్నీసు కాల్చి వేలంతా కెలికింది. ఆయన పెట్టిన కేకకి వీధివీధంతా వచ్చేసింది. ముల్లు మాత్రం దొరకలేదు. నొప్పి మాత్రలు మింగి మళ్లీ వేటకెళ్లారు. వాపు తగ్గేది, మళ్లీ వచ్చేది. మాత్రలూ అలాగే నెలల తరబడి నడిచాయి.

చివరికి ఆసుపత్రికి తీసుకెళ్తే, "ముల్లు లోపలే ఉండిపోనాది, కోసి తీసీండి బాబూ" అని అత్త డాక్టరుగారిని బతిమాలింది.

డాక్టరుగారు పరీక్షలు చేయించి, "ముల్లేం లేదమ్మా. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగింది, వేలు వాచేది అందుకే. మూత్రంలో ప్రొటీన్ పోతోంది, కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది. ఆ నొప్పి మాత్రలు ఇంక ముట్టుకోవద్దు. చేపలు బాగా తగ్గించాలి" అన్నారు.

అత్త ఇప్పటికీ నమ్మదు. నేను గంపెత్తుకుని ఊరూరా చేపలమ్మి, ఒళ్లు హూనమై ఇంటికొచ్చి బీరకాయ తరుగుతున్నాను. "ఈయేల ఏటి కూర?" అని ఆయన రోజూ ఆశగా అడుగుతారు. నా చేతులింకా చేపల వాసన కొడుతుంటే, బీరకాయ అని చెప్పడానికి నోరు రాదు.