ఏఈ గారి కాలికి దిమ్మె

నేను ఉద్యోగ విరమణ చేయడానికి రెండేళ్ళ ముందు, జూన్ నెల మొదట్లో, నన్ను ఉయ్యూరు దిగువన ఉన్న ఒక కాలువ సెక్షనుకి ఏఈగా వేశారు. ఏఈ అంటే అసిస్టెంట్ ఇంజనీరు. మా శాఖలో కింది నుంచి చెప్పుకుంటూ వస్తే లస్కరు, వర్క్ ఇన్‌స్పెక్టరు, ఆ తరవాత ఏఈ. పై నుంచి చెప్పుకుంటూ వస్తే నా దాకా వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది. లస్కరు అంటే గట్టు మీద తిరుగుతూ తూముల షట్టర్లు ఎత్తి దించే మనిషి. ఏఈకి పై అధికారి అయిన డీఈ గారికి జీపు ఉంటుంది. ఏఈకి గట్టు ఉంటుంది, దాని మీద ఎలా తిరుగుతాడనేది అతని సొంత విషయం.

అప్పటిదాకా నాకొక స్కూటరు ఉండేది. విజయవాడ పటమటలో మా ఇంటి నుంచి ఉయ్యూరు దాకా అది బుద్ధిగానే వచ్చేది. కాలువ గట్టు మీదికి వచ్చాక మాత్రం దాని సంగతి వేరు. మా డెల్టా నల్లరేగడి ఒక్క జల్లు పడితే చాలు, చక్రానికి చుట్టుకుని, మడ్‌గార్డులో ఇరుక్కుని, బండిని కదలనివ్వదు. పుల్లతో గీకి నాలుగడుగులు, మళ్ళీ గీకి నాలుగడుగులు. డిప్లొమా చదివి ప్రభుత్వ ఉద్యోగంలో చేరింది ఇందుకా అని చాలాసార్లు అనిపించేది.

అలాంటి సమయంలో పటమటలోనే ఒక ఎముకల డాక్టరు గారు తన మోటారు సైకిలు అమ్ముతున్నారని తెలిసింది. దాన్ని డ్యూయల్ స్పోర్ట్ అంటారట. తారు రోడ్డు మీదా నడుస్తుంది, రోడ్డు లేని చోటా నడుస్తుంది. ముందు చక్రం పెద్దది, టైర్లకి ముళ్ళలాంటి పళ్ళు, అన్నిటికీ మించి ముందు మడ్‌గార్డు చక్రానికి జానెడు పైన ఉంటుంది. ఎంత రేగడి చుట్టుకున్నా ఇరుక్కోవడానికి చోటే లేదు. దాన్ని చూడగానే నా మనసు పారేసుకున్నాను. హిమాలయాలకి వెళ్దామని కొన్నాననీ, ఈలోగా నడుము పట్టేసిందనీ డాక్టరు గారు చెప్పారు. ఎముకల డాక్టరుకే నడుము పట్టేసిన బండి గురించి నేను ఇంకొంచెం ఆలోచించి ఉండాల్సింది.

చిక్కల్లా ఒక్కటే. నా ఎత్తు అయిదడుగులకి కాస్త పైన. ఆ బండి సీటు దాదాపు నా నడుము దాకా ఉంటుంది. ఎక్కి కూర్చుంటే రెండు కాళ్ళూ గాలిలో ఉంటాయి. ఒక పక్కకి జారి కూర్చుంటే ఒక కాలి బొటనవేలు నేలకి తగులుతుంది, అదీ నేల చదునుగా ఉంటేనే. ఇంటికి తెచ్చిన రోజున మా ఆవిడ సలోమి దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఏవండీ, నిచ్చెన బండితో పాటే ఇచ్చారా, విడిగా కొనుక్కోవాలా?" అని అడిగింది. నేను వినిపించుకోలేదు. ఒక మెకానిక్ చేత సీటులో ఫోము కోయించాను. ఎత్తు పెద్దగా తగ్గలేదు గానీ, సీటు మాత్రం బల్ల చెక్కలాగా తయారైంది.

నడుస్తున్నంతసేపు ఆ బండికి సాటి లేదు. ఆగడమే సమస్య. బెంజి సర్కిల్ దగ్గర ఎర్ర లైటు పడితే డివైడరు అంచుకి చేరి, దాని మీద కాలు పెట్టుకుని నిలబడేవాణ్ణి. డివైడరు అందకపోతే ఇంకేదైనా చూసుకోవాలి. ఒకసారి పక్కన ఆగిన సిటీ బస్సు మెట్టు మీద కాలు పెట్టాను. కండక్టరు తల బయటికి పెట్టి, ఎక్కడికండీ, టికెట్ ఇవ్వమంటారా అన్నాడు.

ఆ బండితో కాలువ మీద మొదటి వారంలోనే చుక్కలు కనిపించాయి. కాలువ చివరి భాగంలో, ఎడమ పక్కన గట్టు వాలుగా ఉన్న చోట బండి ఆపాను. కాలు కిందికి పెట్టాను. అక్కడ నేల లేదు. నేనూ బండీ కలిసి నెమ్మదిగా, ఎవరికీ తొందర లేనట్టు, కాలువలోకి దొర్లాం. కాలువ నిండా గుర్రపుడెక్క కలుపు దట్టంగా ఉండబట్టి పరుపు మీద పడ్డట్టు పడ్డాను. మా లస్కరు సాంబయ్య నలుగురు రైతుల్ని పిలుచుకొచ్చి మోకులు కట్టి బండిని పైకి లాగించాడు. నెత్తిన గుర్రపుడెక్కతో బయటికొచ్చిన నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. అందరూ పక్కకి తిరిగి దగ్గారు.

ఆ రోజు నుంచి నాకొక పద్ధతి ఏర్పడింది. కాలు మోపడానికి ఎత్తు ఉన్న చోటే ఆగాలి. కాలువ ఎగువ భాగంలో అలాంటి చోట్లకి కొదవ లేదు. రెగ్యులేటరు పిట్టగోడ ఉంది, కల్వర్టులున్నాయి, ఒక టీ కొట్టు అరుగు ఉంది. కొద్ది రోజుల్లో ఈ సంగతి రైతులకి తెలిసిపోయింది. ఏఈ గారు ఫలానా కల్వర్టు గోడ మీద కాలు పెడతారని ముందే వచ్చి నిలబడేవాళ్ళు. షట్టరు తుప్పు పట్టిందనీ, పిల్ల కాలువలో తూటికాడ పెరిగిందనీ చెప్పేవాళ్ళు. నేను అక్కడికక్కడే సాంబయ్యకి పని పురమాయించేవాణ్ణి. వాళ్ళలో ప్రసాదు గారని ఒక పెద్ద రైతు ఉండేవారు. తన పొలం పక్క కల్వర్టు దగ్గర రోజూ నాకు టీ కూడా తెప్పించేవారు. ఎగువ రైతులకి నేనంటే మంచి అభిప్రాయం కలిగింది. నాకూ నా మీద మంచి అభిప్రాయమే ఉండేది.

చివరి కల్వర్టు దాటాక మాత్రం ఏమీ లేదు. గోడ లేదు, రాయి లేదు, మొండి చెట్టు కూడా లేదు. శివారు అని మేమనేది దాన్నే, కాలువ నీరు ఆఖరున చేరే భూములు. అయినా నేను తనిఖీ ఎగ్గొట్టలేదు. శివారు దాకా వెళ్ళేవాణ్ణి, నెమ్మదిగా కాలువ చూసుకుంటూ వెళ్ళేవాణ్ణి. అక్కడొక కళ్ళం ఉంది. ఆగకుండా దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి, కనిపించిన వాళ్ళకి చెయ్యి ఊపి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేవాణ్ణి.

ఆ ఏడు నీళ్ళు తక్కువ. కాలువలకి వంతులు పెట్టారు. ఒక వంతు మా కాలువకి, తరవాతి వంతు పక్క కాలువకి. వంతు ముగించాలంటే ఏఈ శివారు చూసి, నీరు చేరిందని డీఈ గారికి చెప్పాలి. ఆ మాట మీద పై గేట్లు దించేస్తారు. అప్పుడు నారుమళ్ళ కాలం. మొలక కట్టిన విత్తనం చల్లిన మడి తడి ఆరకూడదు. ఈ వంతులో నీరందని మడి తరవాతి వంతు దాకా బతకదు. మళ్ళీ విత్తనం చల్లుకునేసరికి అదను దాటిపోతుంది.

వంతు ముగియాల్సిన రోజు ఉదయం నేను యథాప్రకారం శివారుకి వెళ్ళాను. కాలువలో గుర్రపుడెక్క సందుల్లోంచి ఒడ్డు నుంచి ఒడ్డుకి నీళ్ళు మెరుస్తున్నాయి. కళ్ళం చుట్టూ తిరిగాను, చెయ్యి ఊపాను. ప్రసాదు గారి కల్వర్టు దగ్గరికొచ్చి, గోడ మీద కాలు పెట్టి, టీ తాగుతూ డీఈ గారికి ఫోను చేశాను. శివారుకి నీరు చేరిందండీ అన్నాను. సరే, సాయంత్రం గేట్లు దించేయిస్తానన్నారు.

మధ్యాహ్నం, వంతు ముగిసేలోపు చివరిసారి చూసి వద్దామని మళ్ళీ బయల్దేరాను. కళ్ళానికి కొంచెం ఇవతల, ఎడమ పక్కన, పొద్దున లేనిది ఒకటి కనిపించింది. ఇటుకలూ మట్టీ వేసి కట్టిన దిమ్మె, దాని మీద చదునుగా చెక్కిన తాటి మొద్దు. నేను ఆగాలనుకోలేదు. నా ఎడమ కాలు అనుకుంది. అలవాటు కొద్దీ వెళ్ళి ఆ మొద్దు మీద వాలింది. ఎత్తు అతికినట్టు సరిపోయింది. అటు కల్వర్టు గోడ కూడా నాకు అంత హాయిగా ఉండేది కాదు.

తూము పక్క నుంచి ఒకావిడ లేచి నిలబడింది. పేరు నాగరత్నం. కొంత సొంత పొలం, ఇంకొంత కౌలు, చేసేది ఆవిడే. చేతులకి ఇంకా మట్టి ఉంది.

"ఆగారా బాబూ! ఇయ్యాల కూడా ఆక్కపోతే గట్టుకి అడ్డంగా పడుకుందామనుకున్నానండీ," అంది. "రోజూ వచ్చి మా కళ్ళం చుట్టూ పెదక్షిణం చేసి పోతన్నారు. మీరు చర్చికెళ్తారని సాంబయ్య చెప్పాడు. మరి ఇదేం మొక్కుబడండీ?"

నాకు నవ్వూ వచ్చింది, మొహం కూడా చెల్లలేదు. మాట మార్చడానికి, కాలువలో నీళ్ళున్నాయి కదమ్మా అన్నాను.

"కాలవలో ఉంటే కాలవ తాగుద్దండీ. నా మడి తాగద్దా? దిగండి, దిగి చూడండి."

దిగాను. దిమ్మె ఉండబట్టి మర్యాదగానే దిగాను. తూము దగ్గర గుర్రపుడెక్క పక్కకి నెట్టి చూస్తే సంగతి తెలిసింది. నీటి మట్టం తూము గొట్టానికి జానెడు కింద ఉంది. నీరు ఉంది, మెరుస్తోంది, కానీ పొలంలోకి ఒక్క చుక్క పోదు. అది బండి మీద నుంచి ఎన్నిసార్లు తిరిగినా కనిపించేది కాదు. గట్టు అవతల ఆవిడ నారుమడి అంచుల్లో సన్నగా నెర్రెలు విచ్చుతోంది. మొలకలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. బిందెలతో మోసి తడుపుతున్నారట, ఆవిడా చెల్లెలూ. ఆ మడి చూశాక నా నవ్వు ఆగిపోయింది. సాయంత్రం గేట్లు దిగితే అది పోయినట్టే. గేట్లు దించమని చెప్పింది నేనే.

అక్కడే నిలబడి డీఈ గారికి ఫోను చేశాను. "పొద్దున నువ్వే గదయ్యా చేరిందన్నావ్?" అన్నారు. అన్నానండీ, ఇప్పుడు దిగి చూస్తే చేరలేదండీ అన్నాను. "దిగి చూస్తేనా? అంటే పొద్దున దిగలేదా?" అన్నారు. దాచి లాభం లేదని బండి ఎత్తూ, నా ఎత్తూ, అన్నీ చెప్పాను. ఆయన కోప్పడాలో నవ్వాలో తేల్చుకోలేక, పక్క కాలువ వాళ్ళకి ఏదో ఒకటి చెప్పుకుంటాననీ, తెల్లారేదాకా గేట్లు ఆపుతాననీ, ఆలోగా శివారు తడవకపోతే తనని అడగొద్దనీ అన్నారు.

శివారులో మట్టం పెరగాలంటే ఎగువ తూములు మూయాలి. ఎగువ పొలాలు అప్పటికే నిండి ఉన్నాయి. అయినా నిండిన పొలం రైతు దగ్గరికి వెళ్ళి షట్టరు దించుతానంటే ఒప్పుకోవడం అంత తేలిక కాదు. సాంబయ్యని వెంటబెట్టుకుని ఒక్కో తూమూ దింపించుకుంటూ వచ్చాను. ప్రసాదు గారి కల్వర్టు దగ్గర, మామూలుగానే గోడ మీద కాలు పెట్టి ఆగాను. టీ గ్లాసు సిద్ధంగా ఉంది.

సంగతి చెప్పేసరికి ఆయన మొహం మాడిపోయింది. "ఇదేం న్యాయమండీ? ఇన్నాళ్ళూ మీకు కాలు పెట్టుకోడానికి గోడ ఇచ్చాం, టీ ఇచ్చాం. మా తూమే మూస్తారా?" అన్నారు.

టీకి కృతజ్ఞుణ్ణేననీ, గోడ మాత్రం ప్రభుత్వానిదనీ మనవి చేసుకున్నాను. అక్కడున్న వాళ్ళు గొల్లుమన్నారు. ఆయనకీ నవ్వక తప్పలేదు. సాంబయ్య షట్టరు దించాడు. ఆ రోజు టీ తాగకుండానే బయల్దేరాను, తాగడం బాగుండదనిపించింది.

దారిలో సాంబయ్యని దిమ్మె గురించి అడిగాను. "నాగరత్నమ్మ గారు కల్వర్టు గోడ ఎత్తు కొలుచుకు రమ్మన్నారండీ, తాడుతో కొలిచి ఇచ్చానండీ," అన్నాడు. ఎందుకో అడగలేదా అంటే, "అడిగితే ఇవ్వకూడదని తేలుతుందేమోనని అడగలేదండీ," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. దిమ్మె మీద కాలు మోపి, ఇంజను ఆపగానే తూములోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. అవతల మడి సగానికి పైగా తడిసింది, మిగతా సగంలోకి నీరు పాకుతోంది. నాగరత్నం పారతో గండి సరిచేస్తోంది. నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది. ఆవిడ నాకు దణ్ణం పెట్టలేదు, ధన్యవాదాలూ చెప్పలేదు. తలెత్తి నా కాలు వైపు చూసి, "ఇంకో ఇటుక వెయ్యమంటారా, చాలుద్దాండీ?" అంది. చాలుతుందన్నాను.

ఆ బండి రిటైరయ్యేదాకా నా దగ్గరే ఉంది. ఒక్క రోజు కూడా రేగడిలో ఇరుక్కోలేదు. మా ఉద్యోగంలో తనిఖీ అంటే చివరి దాకా వెళ్ళి రావడమని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. వెళ్ళి రావడం బండి పని. కాలువలో నీరుండటం వేరు, పొలంలోకి నీరు పోవడం వేరు. ఆ తేడా ఇంజను ఆపి, తూములో చెయ్యి పెడితేనే తెలుస్తుంది. డీఈ గారు కూడా అది గుర్తుపెట్టుకున్నారు. ఆ తరవాత శివారు నుంచి ఎప్పుడు ఫోను చేసినా, నీరు చేరిందా అని అడగడం మానేశారు. "దిగావా?" అనేవారు. దిగానండీ అన్నాకే రెండో మాట.