ఛాసిస్ మీద గ్యాస్ పెట్టనివ్వని దేవదానం

గుంటూరు శివార్లలో చిలకలూరిపేట రోడ్డు మీద ఉన్న ఒక లారీల వర్క్‌షాపుకు నేను వర్క్స్ మేనేజరుగా వెళ్లింది నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు. చేరిన మొదటి వేసవిలో, మార్కెట్ యార్డుకు మిర్చి జోరుగా వస్తున్న మార్చి నెలలో ఈ సంగతి జరిగింది.

అక్కడ నా కింద ఒక ఫోర్‌మన్, ఆయన కింద మెకానిక్కులు ఉండేవారు. ప్రతి బండికీ ఒక జాబ్ కార్డు ఉంటుంది. చేయాల్సిన పనీ, దానికి పట్టే గంటలూ ఫోర్‌మన్ రాస్తాడు. పని పూర్తయ్యాక మెకానిక్ సంతకం చేస్తాడు, దాని కింద నేను చేస్తాను. ఆ రెండు సంతకాలూ పడందే బండి గేటు దాటదు.

రంగారావు గారిది మార్టూరు దగ్గర పల్లె. తన లారీ తనే నడుపుకునే మనిషి. పది టైర్ల పాత బండి. మునుపటి యజమాని దాంతో గ్రానైట్ రాళ్లు తోలాడు. ఈయన కొన్న తర్వాత పత్తి, మిర్చి తోలుతున్నాడు. లోడు మీద మలుపు తిప్పినప్పుడల్లా వెనక ఎక్కడో కిర్రుమంటోందని తీసుకొచ్చాడు. బాడీ దింపి చూస్తే ఛాసిస్‌లో రెండు క్రాస్‌మెంబర్లు వంగి, అంచులు చిరిగి ఉన్నాయి.

ఛాసిస్ అంటే లారీకి వెన్నెముక. పడుకోబెట్టిన నిచ్చెన అనుకోవచ్చు. పొడుగునా రెండు ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ మెట్లలాగా క్రాస్‌మెంబర్లు. వీటిని ఫ్యాక్టరీలో రివిట్లతో బిగిస్తారు. రివిట్టుకు మర ఉండదు, రెండువైపులా తల నొక్కేసి ఉంటుంది. విప్పాలంటే దాన్ని చంపాల్సిందే.

గ్యాస్ కట్టర్‌తో తలలు కోసేస్తే గంటన్నర పని. ఫోర్‌మన్ అలాగే రాశాడు, నేనూ సరేనన్నాను. సీజన్ కదా, బయట నాలుగు బండ్లు ఎదురు చూస్తున్నాయి. పని దేవదానానికి పడింది. యాభై ఏళ్లు దాటిన మనిషి, మితభాషి. ఆదివారం చర్చి మానడు, మిగిలిన ఆరు రోజులూ వర్క్‌షాపు మానడు. కార్డు చదువుకుని నేరుగా నా గదికి వచ్చాడు.

"గ్యాసు పెడితే ఆ బండికి నేను సంతకం పెట్టనండి," అన్నాడు.

కారణం అడిగాను. మంట తగిలితే చుట్టూ ఉన్న ఉక్కు పదును పోద్దని, రంధ్రం వంకర పోద్దని, వంకర రంధ్రంలో ఏ బోల్టూ నిలవదని చెప్పాడు. ఇవన్నీ నేను డిప్లొమాలో చదివినవే. తెలిసీ సరేనన్నందుకు నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు కోపంగా బయటికి వచ్చింది. ఎంతసేపు పడుతుందని విసురుగా అడిగాను. రెండు రోజులన్నాడు. కార్డు మీద ఫోర్‌మన్ రాసింది కొట్టేసి, రెండు రోజులని రాసి పొట్టి సంతకం చేశాను.

అతను మొదటి రెండు గంటలూ ఒక్క రివిట్టునూ ముట్టుకోలేదు. ఛాసిస్‌ను స్టాండ్ల మీద మట్టంగా నిలిపాడు. తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండు నాలుగు మూలల నుంచి వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి, ఆ మూల నుంచి ఈ మూలకు టేపుతో కొలిచాడు. క్రాస్‌మెంబరు తీయగానే దూలాలు పక్కకు జరక్కుండా వాటి మధ్య ఒక పట్టీ బిగించాడు. ఆ తర్వాతే రివిట్టు తల నడిమధ్య పంచ్‌తో చుక్క పెట్టి, రివిట్టు కన్నా కాస్త సన్నటి బిట్టుతో తల మందం వరకే డ్రిల్లు చేశాడు. ఉలి ఆనించి రెండు దెబ్బలేస్తే తల ఎగిరిపోయింది. మిగిలిన మొండెం పంచ్ దెబ్బకు అవతలికి జారింది. రంధ్రంలో వేలు పెట్టి చూశాను. గుండ్రంగా, నున్నగా ఉంది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో అంత శుభ్రమైన పని నేను చూడలేదు.

రెండో రోజు మధ్యాహ్నం రెండో క్రాస్‌మెంబరు ఊడింది. కాసేపటికి దేవదానం నన్ను పిలిపించాడు. క్రాస్‌మెంబరు ఆనుకున్న చోట దూలాన్ని కిరసనాయిలుతో కడిగి, పొడిగా తుడిచి, సుద్దపొడి రాసి ఉంచాడు. తెల్లటి పొడి మీద రంధ్రం నుంచి కింది అంచు దాకా నాలుగు వేళ్ల పొడవున తడిగీత తేలింది. పగులులోకి ఇంకిన కిరసనాయిలు పైకి ఉబుకుతోంది. గ్యాస్ పెట్టి ఉంటే ఆ చోట కాలిన మసీ చిట్టెమూ తప్ప ఇంకేం కనబడేది కాదు. దాని మీద కొత్త క్రాస్‌మెంబరు బిగించి, కింద నేను సంతకం చేసేవాణ్ణి.

బండి దగ్గరే కాచుకుని ఉన్న రంగారావు గారు కిందకు వంగి చూశాడు. ఈ నెల్లాళ్లూ ఎలాగోలా నడిచేట్టు బిగించి ఇమ్మన్నాడు. సీజన్ పోతే ఏడాది పోయినట్టేనన్నాడు. అది నిజమే. దేవదానం ఆయన చెయ్యి పట్టుకుని గోరు ఆ గీత మీద ఆనించాడు. గోరు దిగబడింది.

"లోడు మీద ఎవరు కూర్చుంటారండీ?" అని అడిగాడు.

"మా ఊరి హమాలీలు. నలుగురు."

రంగారావు గారు ఆ గీతను గోటితో పైకీ కిందకీ తడిమాడు.

"తియ్యి. దూలం మొత్తం తీసెయ్యి," అన్నాడు చివరికి.

అదే మోడలు దూలం ఆటోనగర్‌లో వెతికి పట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. పాతదాని మీద ఉన్న మిగతా రివిట్లన్నీ దేవదానం అదే వరుసలో, మిగతా క్రాస్‌మెంబర్లలో ఒక్క రంధ్రం చెడకుండా తీశాడు. ఉలి దెబ్బలకు ఉక్కు అదరకుండా అవతలివైపు ఇనప బరువు ఆనించి పట్టుకోవడానికి రంగారావు గారే చొక్కా విప్పి కూర్చున్నాడు. రంధ్రాలు రీమరుతో సరిచేసి, రివిట్ల స్థానంలో బిగుతుగా పట్టే గట్టి బోల్టులు వేసి, బిగుతును కొలిచి చూపే టార్క్ రెంచితో బిగించాం. చివర్లో మళ్లీ తూకం గుండు వేసి కొలిస్తే మూలల మధ్య తేడా రెండు మిల్లీమీటర్ల లోపే ఉంది. మొత్తం పదకొండు రోజులు. రంగారావు గారికి ఆ సీజన్‌లో మంచి భాగం పోయింది. ఆయన ఆ మాట మా దగ్గర ఎత్తలేదు.

విప్పడం, తనిఖీ, బిగించడం మూడూ వేర్వేరు పనులని నేను చదువుకున్నాను. జాగ్రత్తగా విప్పితే తనిఖీ అందులోనే సగం అయిపోతుందనీ, తొందరపడి విప్పితే తనిఖీ చేయడానికి ఏమీ మిగలదనీ ఆ బండి దగ్గర తెలిసింది. నేనున్నంత కాలం ఛాసిస్ రివిట్లకు గ్యాస్ వాడనివ్వలేదు. అటువంటి పనులకు జాబ్ కార్డులో గంటలు రాసే అధికారం ఫోర్‌మన్ నుంచి తీసి, ఆ రివిట్లు తీయబోయే మెకానిక్కుకే ఇచ్చాను.